జబల్ మీద గొంగడి కప్పిన ఫ్రీజర్

1994 చలికాలం. అప్పుడు నేను ఒమాన్‌లోని నిజ్వాలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ని. ఒక పొద్దున జబల్ అఖ్దర్ కొండ మీద నుంచి సాలిమ్ అనే ముసలాయన కబురు పంపాడు: ఫ్రీజర్ ఆగిపోయింది, వెంటనే రావాలి. ఆ రాళ్ళ బాటలో ఫోర్‌వీల్ బండి తప్ప ఏదీ ఎక్కేది కాదు. ఇంత చలిలో ఫ్రీజర్‌కు తొందరేమిటని సణుక్కుంటూనే ఎక్కాను.

చూస్తే ఫ్రీజర్‌కు నిలువునా మేకవెంట్రుకల గొంగడి కప్పి ఉంది. వెనక కండెన్సర్, అంటే లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాల వల, ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. గాలాడక వేడెక్కి కంప్రెసర్ కాసేపు నడుస్తూ, మళ్ళీ మళ్ళీ ఆగిపోతోంది.

"బాబా, ఈ గొంగడి తియ్యాలె," అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. ఆయన జవాబు నా చెవికి మా జగిత్యాల మాటలాగే వినబడింది.

"మా ఇంటామె కప్పింది, చల్లదనం పోవద్దని. ఆమెనే వచ్చి తీస్తది."

లోపల ఒక డబ్బా నిండా బూత్ పళ్ళు. ఆ కొండల్లో ముళ్ళచెట్లకు వేసవిలో కాసే నల్లనీలం చిన్న పళ్ళు, మా కలే పండ్లలాంటివి. ఇప్పుడు వాటిని ఒమాన్ బ్లూబెర్రీ అంటున్నారట. వేసవిలో ఆమే ఏరి దాచింది. ఆపరేషనయి నిజ్వా ఆస్పత్రిలో ఉన్న ఆ తల్లి ఏమీ నోట పెట్టడం లేదు, ఇవి మాత్రం అడిగింది. అవేమో సగం కరిగాయి. మళ్ళీ వేసవి దాకా దొరకవు. నా సణుగుడు అక్కడితో ఆగింది.

గొంగడి దగ్గర ఇద్దరం కాసేపు మొండికేశాం. చివరికి ఫ్రీజర్‌ను గోడ నుంచి జరిపి, గొంగడిని మడిచి మూత మీద మాత్రం పరిచాను. మిషన్ మళ్ళీ నడిచింది. డబ్బాను నా ఐసుపెట్టెలో పెట్టి, ఆయనను బండిలో ఎక్కించుకుని కొండ దిగాను.

వార్డులో ఆమె ఒక పండు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "మెత్తగైనయి. గొంగడి తీసినవా?" అని భర్తను నిలదీసింది. పాపం, ఆయన నావైపు చూశాడు.

కండెన్సర్ గురించి ఎన్ని ఇళ్ళలో పాఠాలు చెప్పానో. ఇక్కడ మాత్రం నోరు రాలేదు. "లేదమ్మా, గొంగడి మీదనే ఉన్నది. మిషన్‌కే తకరారు వచ్చింది," అన్నాను.

"గట్ల చెప్పు. గొంగడి లేకుంటే అన్నీ నీళ్ళయిపోతుండె," అంటూ ఆమె ఇంకో పండు తీసుకుంది. ఆ తర్వాత ఇంకోటి. సాలిమ్ బాబా గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కొండ చలి, ఆ ఇద్దరూ ఇప్పటికీ యాదికొస్తారు. ఆ తర్వాత ఎవరింట్లోనైనా ఫ్రిజ్ మీద గుడ్డ కనబడితే, లాగేసే ముందు ఒక్కటే అడిగేవాణ్ణి: "ఎవరు కప్పిండ్రు?"