కుడి మూలన మస్టర్ నంబరు

1986 డిసెంబరు రెండో వారంలో నన్ను బెల్లంపల్లికి వేశారు. ఎం.ఎ. సైకాలజీ ఆఖరు సంవత్సరంలో నేను తీసుకున్న ప్రత్యేక విషయం కమ్యూనిటీ సైకాలజీ. మనిషికి నిద్ర పట్టకపోతే కారణాన్ని అతని తలలోనే వెతక్కుండా, అతను బతికే వాడలో, చేసే పనిలో, ఇరుగుపొరుగులో కూడా వెతకాలన్నది ఆ చదువు సారం. ఒక్కొక్కరం ఒక్కో వాడలో ఉండి, అక్కడి జనం మానసిక ఒత్తిడి మీద పరిశోధన వ్యాసం రాసి మార్చి నెలాఖరుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే డిగ్రీ లేదు.

ఇంకో ఏడాది ఆగే వీలు నాకు లేదు. కరీంనగర్ దగ్గర మా ఊరి మిషన్ బడిలో నేను టీచర్‌ని. బాపు, అంటే మా నాన్న, చర్చి సంఘ పెద్దల చుట్టూ తిరిగి రెండేళ్ల సెలవు ఇప్పించాడు. జూన్‌లో బడి తెరిచేనాటికి, డిగ్రీ ఉన్నా లేకున్నా, మళ్లీ పలకల, బలపాల మధ్యకు పోవాల్సిందే. నేను మొండిదాన్నని అవ్వ, మా అమ్మ, నలుగురిలో చెప్పుకునేది. అది పొగడ్తో తిట్టో నేనెప్పుడూ అడగలేదు.

బెల్లంపల్లిలో చిన్నమ్మ ఇంట్లో దిగాను. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. చిన్నబాపు బాయి మీద ఫిట్టరు. మా గైడ్ ఇచ్చిన ప్రశ్నపత్రంలో ఇరవై నాలుగు ప్రశ్నలున్నాయి. నిద్ర చెడిందా, గుండె దడగా ఉంటుందా, ఊరికే కోపం వస్తుందా, ఇట్లాంటివి. ఒక్కో 'అవును'కు ఒక మార్కు. పన్నెండు దాటితే ఒత్తిడి ఎక్కువని లెక్క. అడుగున ఇంట్లోవాళ్ల వయసులు రాసుకోవాలి. ఒకే ఇంటికి రెండుసార్లు పోకుండా నేను సొంత తెలివి ఉపయోగించి, ప్రతి కాగితం కుడి మూలన ఆ ఇంటి కార్మికుడి మస్టర్ నంబరు వేసుకున్నాను. మస్టర్ అంటే హాజరు పట్టిక. బాయి మీద మనిషికి పేరు కన్నా ఆ నంబరే ముఖ్యం. నా తెలివి తెల్లారింది అక్కడే.

జనవరి ఆఖరుకు తొంభై ఇళ్లు పూర్తిచేశాను. సగం ఇళ్లలో మార్కులు ఇరవై దాటాయి. మిగతా సగంలో సున్నా, ఒకటి. గైడ్‌కు ఉత్తరం రాస్తే ఆయన పొంగిపోయారు. రెండు గుంపులు ఇంత స్పష్టంగా విడిపోవడం అరుదు, ఇక రాయడం మొదలుపెట్టమన్నారు. ఫస్ట్ క్లాస్ నా చేతిలో ఉన్నట్టే అనుకున్నాను.

ఒక ఇంట్లో ఇల్లాలు ప్రశ్న పూర్తికాకముందే 'అవును' అంటోంది. అనుమానం వచ్చి, పప్పులో ఉప్పు ఎక్కువవుతుందా అని అడిగాను. దానికీ అవునంది. లేచి వస్తుంటే గడప దాకా వచ్చి, "బోర్డు ఎప్పుడు కూసుంటది మేడం?" అని మెల్లగా అడిగింది. ఏ బోర్డో తెలియక ఇంటికొచ్చి చిన్నమ్మను అడిగాను.

చిన్నమ్మ బియ్యం ఏరుతూ సంగతి తేల్చేసింది. "నంబరు ఏశిన కాయితం బాయి ఆఫీసుకు పోకుంట యాడికి పోతది? గివి అన్‌ఫిట్ కాయితాలని గీ క్వార్టర్ల లైనంత అనుకుంటుండ్రు" అన్నది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "గింత సదువు సదివినవ్, నీకు ఎరికే అనుకున్న" అన్నది.

మెడికల్ బోర్డు ఒక కార్మికుణ్ణి అన్‌ఫిట్ అని తేల్చితే అతని నౌకరి కొడుక్కు వస్తుంది. ఎదిగిన కొడుకున్న ఇంటికి అంతకన్నా కావలసింది లేదు. కొడుకు చిన్నవాడైతే మాత్రం ఉన్న నౌకరి పోయి ఇల్లు ఆగమవుతుంది. ఆ సాయంత్రమే కాగితాలన్నీ చాప మీద పరిచి, పెద్దకొడుకు వయసును బట్టి రెండు కుప్పలు చేశాను. పద్దెనిమిది నిండిన కొడుకున్న ఇళ్లలో ఒళ్లంతా రోగాలే. మిగతా ఇళ్లలో అందరూ రాళ్లు తిని అరిగించుకునేవాళ్లే. రెండు నెలలు తిరిగి నేను కొలిచింది పెద్దకొడుకుల వయసు.

ఒక్క కాగితం మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. మల్లయ్య అనే బొగ్గు కార్మికుడిది. కొడుక్కు ఇరవై ఏళ్లు, అయినా మార్కులు సున్నా. మర్నాడు పొద్దున్నే పోయాను. మల్లయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. వీధి కుళాయి దగ్గర ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడుకు ఉలిక్కిపడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మూడేళ్ల కింద బాయిలో కప్పు కూలి అతని పక్క మనిషి చనిపోయాడట. భార్య రాజవ్వ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి చెప్పింది.

"అవునంటే గాయనను అన్‌ఫిట్ జేత్తరు. గప్పుడు నా కొడుకును బాయిల దింపుతరు. వాడు ఐ.టి.ఐ. సదువుతుండు. కాదనే ఉంచు బిడ్డా."

కళ్లెదుట కనిపిస్తున్న బాధకు నా కాగితం మీద సున్నా మార్కులున్నాయి. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, రెండూ నా మీదే.

యూనివర్సిటీకి పోయి గైడ్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. ఏడు వారాలే మిగిలాయి, పరిమితులు అనే అధ్యాయంలో ఈ సంగతి ఒక పేరాగా రాసి వదిలేయమన్నారు. మళ్లీ మొదలుపెడతానన్నాను. డిగ్రీ పోతే నన్నడగొద్దన్నారు. అట్లనే సార్ అని ఆ పూటే బస్సెక్కాను.

ముందు తొంభై కాగితాలూ ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. ఉప్పు ప్రశ్నకు అవునన్న ఇల్లాలు ఒంటికాలి మీద లేచింది. ఎవరో పైరవీ చేసి తన కాగితం వాపసు చేయించారని ఆమె నమ్మకం. వారం రోజులు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంది. చాలా ఇళ్లవాళ్లు మళ్లీ తలుపు తీయలేదు.

తీసినవాళ్ల కోసం పద్ధతి మార్చాను. చిన్నమ్మ ఇంటి లోపలి గదిలో ఒక ఇరుకు మూతి కుండ పెట్టాను. పేరు లేదు, నంబరు లేదు, కొడుకుల వయసు లేదు. నేను గోడవైపు తిరిగి ప్రశ్న చదువుతాను. అవునైతే చింతగింజ, కాదైతే గులకరాయి కుండలో వేయాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో రోజు. అందరూ వేశాకే లెక్క. బాధ ఎవరిదో తెలియదు, వాడలో ఎంతుందో తెలుస్తుంది. చదువుకున్నది ఇదే కదా అని అప్పుడు తట్టింది.

నిద్ర ప్రశ్న రోజు రాజవ్వ వచ్చి కుండలోకి తొంగి చూసింది. ఇంటికి పోయి మల్లయ్యనే వెంటబెట్టుకొచ్చింది. నేను గోడవైపు తిరిగి ప్రశ్న చదివాను. చాలాసేపటికి కుండలో చప్పుడైంది.

"గిది యెవ్వలకు పోదు గద?" అన్నాడు.

పోదన్నాను.

"గట్లయితే ఇంకోటి అడుగు" అన్నాడు.

ఆ ఒక్కసారికి రోజుకొక ప్రశ్న అనే నియమం తప్పాను. ఇంకో కుండ పెట్టి మిగిలినవన్నీ చదివాను. అన్నిటికీ వేశాడు.

ముప్పై ఒక్క ఇళ్లతో వ్యాసం గడువులోపే ఇచ్చాను. మనిషికి ఇన్ని మార్కులనే పట్టికలు లేవని పరీక్షాధికారి తప్పుపట్టారు. సెకండ్ క్లాస్ వచ్చింది. ఏప్రిల్‌లో రాజవ్వ మల్లయ్యను కరీంనగర్‌లో ఒక దవాఖానకు తీసుకొచ్చింది. చీటీ రాయించేటప్పుడు పక్కన నేనున్నాను. బాయి నంబరు రాయించలేదు. జూన్‌లో డిగ్రీతో బడికి పోయాను.

కొన్నాళ్లకు బడి వదిలి, ఆసుపత్రుల్లో, కాలనీల్లో సైకాలజిస్టుగా ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఎన్నో ప్రశ్నపత్రాలు నా చేతికొచ్చాయి. ఏ వాడకు పోయినా మొదట ఒక్క సంగతి తెలుసుకునేదాన్ని: ఈ కాగితం ఎక్కడికి పోతుందని వీళ్లనుకుంటున్నారు? అది తెలియని రోజున ప్రశ్నలు సంచిలోంచి తీయకుండానే తిరిగి వచ్చేదాన్ని.