పెద్దవూర టేకు లోపలి పంటిగాట్లు

పొగమంచు పట్టి పొలాలు కనిపించడం లేదు. గట్ల అవతల నాట్లేసే కూలీల మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు మాత్రం కనిపించరు. పెద్దవూర దగ్గర మా అక్క సత్తెమ్మ ఇల్లు కడుతోంది. గోడలు లేచాయి, దర్వాజా జాగా ఖాళీగా ఉంది. మాఘంలో ముహూర్తం. తాను నాటిన టేకుతోనే దర్వాజా చేయించాలని ఆమె పట్టు. చెట్టు కొట్టించే రోజు తోడు రమ్మంటే సూర్యాపేటలో తొలి బస్సెక్కాను. మిర్యాలగూడలో బస్సు మారి, హాలియాలో షేర్ ఆటో పట్టుకుంటే సుమారు మూడు గంటలు. రెండు వందలలోపే ఖర్చు. అనుమతి కాగితాలు బావ సైదులు ముందే తెచ్చిపెట్టాడు.

చేలో రెండు టేకు చెట్లకు మోకాలి ఎత్తున బెరడు ఒలిచేసి ఉంది. తెల్లటి చెక్క ఇంకా తడిగా మెరుస్తోంది.

"ముండ్లపంది. గీ మంచె మీదనే పండుకున్న, సప్పుడే ఇనలే," అన్నాడు బావ.

"నువ్వు గురక పెడితే పులొచ్చినా ఇనవడదు," అంది అక్క.

బావ నవ్వలేదు. మంచెకూ ఆ చెట్లకూ మధ్య నాలుగడుగుల దూరమే ఉంది.

అక్క ఎంచిన చెట్టుకు గాయం లేదు. పైగా మొదలు ఒక పక్కకు ఉబ్బి, అన్నిటికన్నా లావుగా ఉంది. "గిదే బలమైన చెట్టు తమ్మీ," అని దానికి బొట్టు పెట్టింది. పడగొట్టాక కోసినచోట నడుమ నల్లమచ్చ కనిపించింది. చేవ అనుకున్నాం.

ట్రాక్టర్‌లో వేసుకుని మిర్యాలగూడ కోతమిల్లుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. రంపం ఉబ్బు దాకా వచ్చాక దాని చప్పుడు మారింది, ఖాళీ డబ్బాను కోస్తున్నట్టు. మిల్లు నడిపే యాదగిరి ఆపి, పై చెక్క ఎత్తాడు. కొత్తగా పెరిగిన చెక్క కింద పాత గాయం అట్లాగే ఉంది. జంటజంటగా పంటిగాట్లు, రాత్రి కొరికినంత పదునుగా. దాని వెనక నల్లటి పుచ్చు మనిషెత్తు పైకి పాకింది.

"ఎన్నడో కొరికింది. చెట్టు పైపైన కప్పుకుంది, లోపట ఖతం," అన్నాడు యాదగిరి.

"గోడ దిక్కు తిప్పి పెడదాం. ఎవడు సూస్తడు?" అన్నాడు బావ.

"నేను సూస్త గద." అక్క గోరు గుచ్చింది. మెత్తగా దిగిపోయింది. "ఇన్నేండ్ల సంది నేను నీళ్లు పోసింది దీనికేనా?"

గోరు కొంగుకు తుడుచుకుని, "అన్నా, దర్వాజకు ఎండిన వేప ఉంటే తియ్యి," అంది యాదగిరితో.

బెరడు పోయినచోట తడి, బూజు లోపలికి దిగుతాయి. ఎక్కువ విలువైన మొదలు భాగమే ముందు పాడవుతుంది. ఆ చెట్టు మాత్రం ఏటా చిగురించింది, పూసింది, నీడనిచ్చింది. అన్నేళ్లూ ఆ గాట్లు లోపల మూసుకుని ఉన్నాయి. టేకు కొట్టించుకునేవారికి ఒకటే మాట: మొదలు ఒక పక్కకే ఉబ్బి ఉన్నా, బెరడులో నిలువు అతుకు కనిపించినా, కోయించి చూసుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి.

అక్క ట్రాక్టర్ కోసం ఆగలేదు. వెలుతురుండగా మిగిలిన చెట్ల మొదళ్లు తడిమి చూడాలని మూడింటి బస్సుకు వెళ్లిపోయింది. బావ నాలుగు దాటాక వేప చెక్కతో బయల్దేరాడు. నేను అయిదింటికి సూర్యాపేట బస్సెక్కాను.