నడిచే ఇసుక

మా చాచా పోయాడు. గోదావరి నడుమ ఇసుక తిప్ప మీద ఏటేటా పుచ్చ పండించిన మనిషి, మా పక్కింటివాడు. మంగళవారం పొద్దున ఆయన కోడలు గోడ అవతలి నుంచి పిలిచి, "సార్, మామ లేస్తలేడు" అంది. నేను వెళ్లేసరికి చెయ్యి చల్లబడి ఉంది. గోళ్లలో మాత్రం ఇంకా ఇసుక ఉంది.

ఖననం అయ్యాక పెద్దలు నాలుగు మంచి మాటలు చెప్పారు. కష్టజీవి అన్నారు, ఎవరి జోలికీ పోనివాడు అన్నారు. ఆయన తిప్ప పోయిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరి వల్ల పోయిందో చెప్పాలి. వాళ్లు చెప్పరు కనుక నేను చెబుతాను. ఈ వయసులో నాకు ఎవరి మెప్పూ అక్కర్లేదు.

దసరా దాటి నీళ్లు తగ్గగానే చాచా తిప్ప అంచున వెదురు గూటాలు పాతేవాడు. వారానికోసారి వెళ్లి, ఏది ఎంత పూడిందో, ఏది బయటపడిందో బెత్తలతో కొలిచేవాడు. ఇసుక నిలిచిన చోటే తడి తగిలేదాకా గుంట తీసి, పెంట వేసి, గింజ పెట్టేవాడు. తొలి కాయ మా ఇంటికి వచ్చేది. తొందరపడి కోస్తే పుచ్చకూ కోపం వస్తుందని, తను చెప్పిన రోజు దాకా ముట్టనిచ్చేవాడు కాదు.

ఎగువన మామిడి తోట ఉన్న ఆసామికి గట్టు కోసుకుపోతోందని, ఏటిలోకి అడ్డంగా రాతి కట్ట వేయాలని ఒక ఏడాది ఊళ్లో మాట వచ్చింది. అందరినీ కూర్చోబెట్టారు. చాచా లేచాడు.

"ఏరు ఒకకాడ కోస్తది, ఇంకోకాడ పోస్తది. మీరు ఈడ అడ్డం పెడితే కింద నాకేం పోస్తది?"

పుచ్చకాయలు పండించేటోనికి ఏటి సంగతి ఏం తెలుసని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. బడిలో భూగోళం చెప్పిన సారును కదా, లేచి పుస్తకం భాషలో కట్ట గొప్పతనం వివరించాను. అర్జీ నేనే రాశాను, మొదటి సంతకం నేనే పెట్టాను. కోతను క్రమక్షయం అంటారని తెలిసినంత మాత్రాన కోత తెలిసినట్టు కాదు.

కట్ట లేచింది. దాని పక్కన ఇసుక మేట వేసింది. కింద తిప్పను మూడు వరదలు తినేశాయి. ఆసామి తోట పచ్చగా ఉంది. చాచా ఇల్లందు దాకా బస్సుల్లో తిరిగి ఉల్లిగడ్డలు అమ్ముకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రంజాన్‌కు సేమియా పంపడం మానలేదు. ఆ గిన్నె అందుకోవడం కన్నా తిట్టు తినడం సులువు.

తర్వాత కొన్నేళ్లకు కోస్తాలో తన మేనకోడలి పెళ్లికి నన్నూ తీసుకుపోయాడు. నేను సముద్రం చూడడం అదే మొదటిసారని బస్సులో ఒప్పుకున్నాను.

"సూడకుండనే చెప్పినవా సారూ, ఇన్నేండ్లు?" అని సత్తుపల్లి దాటేదాకా నవ్వాడు.

అక్కడి ఒడ్డున సముద్రంలోకి ఒక రాళ్ల కట్ట ఉంది. దానికి ఇటువైపు ఇసుక మైదానంలా పరుచుకుంది. అటువైపు నీళ్లు కొబ్బరి చెట్ల వేళ్ల దాకా వచ్చాయి, రెండు చెట్లు ఒరిగిపోయాయి. చాచా రెండు వైపులా నడిచాడు. అల ఐమూలగా వచ్చి ఇసుకను కాస్త పక్కకు జరిపి వెనక్కి పోవడం వంగి చూశాడు.

"ఇసుక నడుస్తది సారూ. నిలవడ్డట్టే కనవడ్తది గానీ నడుస్తది. నడిచేదాన్ని ఆపితే ఎనక పోగైతది, ముంగట ఒట్టిపోతది." కట్ట రాయి మీద చెయ్యి ఆనించి అన్నాడు: "ఈడ గూడ నీలెక్క చదువుకున్న సారు ఎవరో ఉన్నడు."

అన్నేళ్లలో ఆయన అన్నది అదొక్కటే. అదీ నవ్వుతూనే. క్షమించమని అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు. ఆయన గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో తిప్పి చూస్తూ, ఇది మనకాడికెళ్లి వచ్చిందేనా అని అడిగాడు. నదులు మోసుకొచ్చిందే ఒడ్డు అవుతుందని, ఇందులో మన గోదావరిది ఉండకపోదని చెప్పాను. ఆయనకు నేను సరిగ్గా చెప్పిన జవాబు అదొక్కటే.

మొన్నటి వరద మా ఊరి కట్టను సగందాకా ఊడ్చుకుపోయింది. దసరా దాటగానే చాచా పాత తిప్ప ఉన్న చోట మళ్లీ గూటాలు పాతాడు. మతి పోయిందన్నారు జనం. వచ్చే ఏడు గింజ పెడతానని నాతో అన్నాడు. ఇంతలోనే పోయాడు.

ఖననం మర్నాడే ఆసామి కొడుకు కాగితం పట్టుకుని వచ్చాడు. కట్ట మళ్లీ కట్టాలట. "పోయినసారి లెక్కనే మొదటి సంతకం మీదే ఉండాలె సార్" అన్నాడు. కింద తిప్ప సంగతేంటని అడిగితే, అది ఎన్నడో పోయింది కద సార్, ఇప్పుడు దాని మీద ఎవరున్నరు అన్నాడు. ఆ కాగితం వెనక, పాత అర్జీ రాసింది నేనేనని, అది తప్పని, దానివల్ల ఒక మనిషి బతుకుతెరువు పోయిందని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అతను చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఎవరికీ చూపించడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం ఏటికి పోయాను. చాచా పాతిన చివరి గూటం నీళ్లలో నిలబడి ఉంది. దాని మొదట్లో నమాజు చాపంత ఇసుక, తడితడిగా, కొత్తగా పైకి తేలింది. దాని మీద ఒక్క అడుగు కూడా లేదు. నీళ్లు దాన్ని తాకి పోతూ, పోతూ, కొంచెం పోసి పోతున్నాయి.