సొంత గ్లాసు

కోపం వస్తే నాకు ముందు మాట రాదు, చెవులు వేడెక్కుతాయి. ఆ శనివారం వర్జీనియాలో, ఒకప్పటి అధ్యక్షుడి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు, పార్కింగులోనే వేడెక్కాయి.

నార్త్ కరొలైనాలో మేముండే క్యారీ నుంచి రెండు కుటుంబాలం ఒకే వ్యాన్‌లో బయల్దేరాం. మా ఆయనకి ఆన్‌కాల్ డ్యూటీ పడింది కాబట్టి మా ఇంటి నుంచి నేనూ, పదకొండేళ్ళ మా అమ్మాయీ. మిగతావాళ్ళు మా వీధిలోనే ఉండే భార్యాభర్తలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు. పులిహోర డబ్బాలు దించుతూ ఆ మా వీధాయన మళ్ళీ మొదలుపెట్టాడు. గుడివాడ దగ్గరంటే ఏ ఊరు, ఆ ఊళ్ళో ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి? ఇది మనవాళ్ళకి బాగా అబ్బిన విద్య. కులం అన్న మాట నోట రానివ్వరు, చుట్టూ తిరిగి కూపీ లాగుతారు. ఆయన అడిగినప్పుడల్లా నేను నవ్వేసి మాట మారుస్తూ వచ్చాను, గొడవెందుకని. ఆ రోజూ మార్చాను.

తోట బాగుంది, కాదనను. వరసగా పూలు, కొండవాలు మీద మెట్లు మెట్లుగా కూరమళ్ళు. కానీ బోర్డు మీద చూస్తే మొక్కలు నాటింది అధ్యక్షుడే, గోడ కట్టిందీ ఆయనే. ఆ మహానుభావుడు ఒక్కనాడైనా పార పట్టాడో లేదో. మాకు ఇల్లు చూపించిన పెద్దావిడ నయం. ఇవన్నీ చేసింది ఆయన బానిసలుగా ఉంచుకున్న మనుషులని దాచకుండా చెప్పింది.

భోజనాల గదిలో ఆవిడ ఒక తలుపు దగ్గర ఆగింది. దాని వెనకవైపు అరలున్నాయి. వంట తెచ్చినవాళ్ళు గిన్నెలు ఆ అరల్లో సర్ది తలుపు తిప్పితే, అన్నం గదిలోకి వస్తుంది, తెచ్చిన మనిషి అవతలే ఉండిపోతాడు. అతిథుల కంట పడకూడదు కదా. పిల్లలు ముగ్గురూ నోరు తెరుచుకుని చూశారు. మా అమ్మాయి, పాపం వాళ్ళు ఎక్కడ తినేవాళ్ళు, అనడిగింది.

మా వీధాయన వంగి పిల్లలకి తెలుగులో చెప్పాడు. "మన దగ్గర ఇలా ఉండేది కాదమ్మా. మా తాతగారింట్లో పాలేర్లని ఇంట్లో మనుషుల్లా చూసేవాళ్ళు. ఒక్కొక్కడికీ సొంత కంచం, సొంత గ్లాసు ఉండేవి, తెలుసా?"

మా అమ్మాయి తల ఊపి, "దట్స్ నైస్," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఏమనుకున్నా నాకు పోయేదేమీ లేదు. కానీ నా కూతురు దాన్ని మంచితనమని నమ్మి ఇంటికొస్తే? ఆ సొంత గ్లాసు సంగతి నాకు తెలుసు. అది పశువుల పాకలో, చూరులో దోపి ఉండేది. దప్పికైతే మా తాత దాన్ని తనే తీసి, తనే కడిగి, పెరటి గుమ్మానికి దూరంగా నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. ఇంటావిడ వచ్చి పైనుంచి మజ్జిగ పోసేది. ఆ పని మానేసి మా ఇంట్లో కూర్చున్నాక కూడా ఆయనకి ఆ అలవాటు పోలేదు. సొంత కోడలు, మా అమ్మ, కాఫీ తెస్తే ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. అమ్మ గ్లాసు తీసి, కాఫీ పోసి ఆయన చేతిలో పెట్టేది. మర్నాడు మళ్ళీ అంతే.

"పాలేరుకి సొంత గ్లాసు ఎందుకో కూడా చెప్పండి పిల్లలకి," అన్నాను.

ఆయన నవ్వాడు. "అబ్బే, మీరెందుకండీ అంత ఫీలవుతున్నారు?"

"అలాంటి గ్లాసు మా తాతకీ ఉండేది. ఎప్పుడూ అడుగుతుంటారుగా మాది ఎక్కడని. ఊరి బయట పేట. మీ తాతగారిలాంటి వాళ్ళింట్లోనే పాలేరు ఆయన."

తర్వాత అక్కడే, ఆ తలుపు ముందే, ముగ్గురు పిల్లలకీ అంతా చెప్పాను. చూరు, నేల, పైనుంచి పోయడం, ముట్టుకుంటే మైల అనుకోవడం. ఇంగ్లీషులోనే చెప్పాను, ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోకూడదని. ఆయన భార్య తల దించుకుంది. ఆయన మాత్రం, అవన్నీ ఎప్పటి సంగతులండీ, ఇప్పుడెవరు పట్టించుకుంటున్నారు, అన్నాడు. మరి పొద్దున పార్కింగులో పట్టించుకున్నది ఎవరో.

పచ్చికలో కూర్చుని పులిహోర తిన్నాం. మా అమ్మాయి సగం తిని ప్లేటు పక్కన పెట్టేసింది.

వెళ్ళేముందు షాపులోకి వెళ్ళాం. ఆయన తేలు కుట్టిన దొంగలా కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆ ఇంటి బొమ్మ వేసిన కప్పులు మూడు కొన్నాడు. గొడవ సర్దేద్దామని కాబోలు. తన పిల్లలకి తలా ఒకటి ఇచ్చి, మూడోది మా అమ్మాయి ముందు చాపాడు. "ఇది నీకమ్మా, నీ సొంతం," అన్నాడు.

మా అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని ఆ కప్పు వైపు చూసింది.

"నాకు సొంత కప్ వద్దు, అంకుల్."

నేను సర్దిచెప్పలేదు. ఆయన కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.