అడగకుండా పీకిన మొక్క

నల్లమలలో జీపెక్కి అడవి చూసొచ్చామంటే మా ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే, పులి కనపడిందా అని. కనపడలేదు. రెండు నెమళ్ళు, ఒక జింకల గుంపు కనపడ్డాయి. దూరంగా పొదల్లో ఏదో నల్లటి వీపు కదిలింది. గైడు అది ఎలుగన్నాడు కాబట్టి ఎలుగే అనుకున్నాం. నేను మాత్రం ఆ గైడు చేత చీవాట్లు తిని వచ్చాను. అరవై దగ్గరపడిన మనిషిని, ఊళ్ళో నలుగురూ నా మాట వింటారని కాస్త గర్వం కూడా ఉన్నవాణ్ణి. నా కొడుకు వయసువాడు నన్ను నిలబెట్టి అడిగాడు. ఆయన్ని ఇప్పుడు రోజుకొకసారైనా తలుచుకుంటాను, కోపంతో మాత్రం కాదు.

మాది చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి నేల. నాలుగెకరాలు మిరప, రెండెకరాలు పత్తి. మిరపతోటలో పెరిగినవాడి చేతికి ఒక అలవాటు పడిపోతుంది. సాళ్ళ మధ్య నడుస్తూ ఉంటే ఆకు ముడుచుకున్న మొక్క కంటపడగానే చెయ్యి వంగి దాన్ని వేళ్ళతో సహా పీకేస్తుంది. బొబ్బర తెగులు ఒక మొక్కకు వచ్చిందంటే తెల్లదోమ దాన్ని చేనంతా మోసుకెళుతుంది. పీకిన మొక్కను గట్టు మీద పారెయ్యకూడదు. కండువాలో చుట్టుకుని చేను దాటించి గోతిలో పూడ్చాలి. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేస్తున్నాను. ఒకరిని అడిగి చేసే పని కాదది.

నిరుడు ఆ అలవాటు హద్దు దాటింది. కాపు మీదున్న తోటకు ముడత తగిలింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. నాకసలే ముక్కు మీద కోపం. మా ఆవిడ తన చెల్లెలి ఇంట్లో శుభకార్యానికని వినుకొండ వెళ్ళిన రోజు, పొద్దున్నే తోటలోకి వెళ్ళి చూశాను. చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. ట్రాక్టరు పిలిపించి రోటవేటరు కట్టించి నాలుగెకరాలూ తొక్కించేశాను. మధ్యాహ్నానికి చేను నున్నగా అయిపోయింది.

ఆ తోటకు నారు పోసింది మా ఆవిడ. ఎండకి గడ్డి కప్పి, రోజూ రెండు పూటలా రోజ్‌క్యానుతో నీళ్ళు చల్లి, పసిపిల్లను చూసినట్టు చూసి పెంచింది. ట్రాక్టరు పెట్టడానికి వారం ముందు నాతో అన్నది కూడా, "కాలవ పక్క సగం తేరుకునేట్టు ఉందండీ, కొత్త చిగురు వస్తోంది, కాస్త ఆగుదాం" అని. నేను విన్నానో లేదో నాకే గుర్తులేదు. మర్నాడు బస్సు దిగి చేను గట్టు మీదికొచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అంది, అంతే.

పక్క చేను ఆయన తొందరపడలేదు. ఆయన తోటలో సగం తేరుకుని కాయ దిగింది. ఆ కాయ రోజూ మా కళ్ళెదురుగానే కళ్ళంలో ఎండింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు కొలతకొచ్చాయి. అన్నం తింటారా, మోటరు ఆపారా, ఫోను మోగుతోంది. ఇంతకుమించి ఉండవు. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో నా అరుపులన్నిటికీ సమాధానం చెప్పిన మనిషి, నేను అరిచినా పట్టించుకోవడం మానేసింది. ఈ ఏడు నారు పొయ్యలేదు. నర్సరీ నుంచి ట్రేలలో మొక్కలు తెచ్చి కూలీల చేత నాటించాను. తను ఆ చేలో అడుగు పెట్టలేదు. నేను తప్పు ఒప్పుకోవాలని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాదు. ఊరంతా వినపడేలా అరిచే నోరు, ఆ ఒక్క మాట దగ్గర మూసుకుపోయేది. ఇక మిగతా జీవితమంతా ఇలాగే గడుస్తుందేమోనని నిజంగా భయమేసింది.

కార్తీకమాసంలో శ్రీశైలం వెళదామా అన్నాను. సరేనంది. కారు మాట్లాడుకుని వెళ్ళాం. వినుకొండ నుంచి మార్కాపురం దాకా తను అన్నది ఒక్కటే మాట, మంచినీళ్ళు కావాలా అని. దర్శనం చేసుకుని తిరిగొస్తుంటే, దోర్నాల రాకముందే అడవిలో ఒకచోట జీపు బొమ్మ వేసిన బోర్డు కనపడింది. గంటన్నరలో అడవి చూపిస్తారట.

"ఎక్కుదామా?" అంది.

ఏడాదిలో తను నన్ను అడిగిన మొదటి కోరిక అది. డ్రైవరు బ్రేకు వేసేలోపలే నేను తలుపు తీశాను.

గైడు చెంచుల మనిషి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు. జీపులో మాతోపాటు ఒంగోలు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. బయల్దేరే ముందే ఆయన చెప్పాడు, ఫోన్లు ఆపమని, గట్టిగా మాట్లాడొద్దని, అడవిలోంచి ఒక్క ఆకు కూడా తీసుకురావద్దని. ఆకు మాట రెండుసార్లు చెప్పాడు. నేను బుద్ధిగా తలాడించాను.

గట్టిగా మాట్లాడొద్దనేది నా వల్ల కాలేదు. మేం ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషితో ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. నా గుసగుస కూడా అరుపులాగే ఉంటుంది. "అదుగో జింకలు" అని నెమ్మదిగానే అన్నాననుకున్నాను. గుంపు గుంపంతా చెంగున ఎగిరి మాయమైంది. ఒంగోలు వాళ్ళు నా వంక కొరకొరా చూశారు. మా ఆవిడ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంకో గుంపునైనా బెదరగొట్టడానికి సిద్ధపడ్డాను.

కొంతదూరం వెళ్ళాక గైడు జీపు ఆపించి, మమ్మల్ని లోయ కనపడే చోటికి నడిపించాడు. పది నిమిషాల నడక. దారిలో ఒక మాను మీద పులి గోళ్ళతో గీసిన గీతలు చూపించాడు. మా ఆవిడ ఆ గీతల్లో వేళ్ళు పెట్టి చూసింది. ఇక అక్కణ్ణుంచి ఆయన్ని వదల్లేదు. తేనె ఎప్పుడు తీస్తారు, ఈ కాయ తింటారా, ఆ తీగ దేనికి, ఎండాకాలం నీళ్ళెక్కడివి. ఆయన ఓపిగ్గా చెబుతున్నాడు. ఇద్దరూ ముందు, నేను వెనక. తన నోట అన్ని మాటలు విని ఎంతకాలమైందో లెక్కేసుకుంటూ నడిచాను. సంతోషమేసింది. నాతో కాదే అని ఉక్రోషం కూడా వచ్చింది.

లోయ ఎంత బాగుందో నేను చెప్పలేను. కొండ వెనక కొండ, పచ్చదనం మీద పల్చగా మంచు. మా వైపు ఎటు చూసినా బల్లపరుపుగా చేలు, దూరంగా పత్తి జిన్నింగు మిల్లుల రేకుల కప్పులు తప్ప ఏముంటాయి? ఎవరూ నీళ్ళు పెట్టకుండా, ఎరువు వెయ్యకుండా, మందు కొట్టకుండా ఇంత పచ్చగా ఉందా అని నోరు తెరుచుకుని చూశాను.

తిరిగొచ్చి జీపెక్కబోతుంటే గైడు నన్ను ఆపాడు.

"అయ్యా, ఆ కండువాలో ఏముంది?"

భుజం మీది కండువా చూసుకున్నాను. మూటలా చుట్టి ఉంది. ఆ మూటలోంచి మట్టి అంటిన వేళ్ళు వేలాడుతున్నాయి. విప్పితే జానెడు మొక్క. చివరి ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఎప్పుడు పీకానో, ఎప్పుడు చుట్టానో నాకు తెలియదు. నా చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

"మందుమొక్కనా? ఎవరన్నా తెమ్మన్నారా?" అన్నాడు. మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు లేదు.

"అబ్బే, దొంగతనం కాదయ్యా! తెగులు మొక్క. చూడు, ఆకు ఎట్టా ముడిచిందో. ఉంచితే మిగతావాటికి అంటుకుంటుందని పీకా. మీ మంచికే."

ఆయన మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. ముడుచుకున్న ఆకును గోటితో మెల్లగా విప్పాడు. లోపల సన్నటి పురుగు, సాలెగూడులాంటి దారం.

"తెగులు కాదయ్యా. ఈ పురుగు ఆకు మడుచుకుని ఇల్లు కట్టుకుంది. రెక్కలొస్తే ఎగిరిపోద్ది. మొక్క ఇంకో ఆకు ఏసుకుంటది. ఇది సార మొక్క, మీరు తినే సారపప్పు దీందే. ఎలుగు పండు తిని గింజ ఏస్తే మొలిచింది. మా అమ్మ ఈ సారకాయలు ఏరే మమ్మల్ని సాకింది. పెద్ద చెట్లు తగ్గిపోయినయ్. దారి పక్కన మొలిచిందని వచ్చినప్పుడల్లా చూసుకుంటన్నా." ఒక్కక్షణం ఆగి అడిగాడు, "ఎవర్ని అడిగి పీకారయ్యా?"

నాకు సర్రున కోపం వచ్చింది. ఇంత అడవిలో ఒక్క మొక్కకు ఇంత రాద్ధాంతమా అని నోటి దాకా వచ్చింది. అప్పుడు మా ఆవిడ మొహం చూశాను. తను గైడు వైపు చూడటం లేదు, నా వైపే చూస్తోంది. నిరుడు గట్టు మీద నిలబడి చూసిన చూపే. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను.

"పొరపాటయింది," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఆఫీసులో చెబితే మీకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. ముందు దీన్ని దాని చోట పెట్టొద్దాం రండి. ఎక్కడ పీకారు?"

గుర్తుంటేగా చెప్పడానికి. చేసిన పనే తెలియనివాడికి చోటేం తెలుస్తుంది? దిక్కులు చూస్తూ నిలబడ్డాను.

"నాకు తెలుసు," అంది మా ఆవిడ. "పులి గీతల మాను దాటాక, తెల్లరాయి పక్కన. వస్తున్నారో లేదోనని వెనక్కి తిరిగా. అప్పుడు పీకుతున్నారు."

"చూసి చెప్పలేదేమే?"

"చెబితే ఆగుతారా?"

ముగ్గురం వెనక్కి నడిచాం. ఒంగోలు వాళ్ళు జీపులో కూర్చుని గొణుక్కున్నారు. తెల్లరాయి పక్కన చిన్న గుంట కనపడింది. గైడు పుల్లతో గుంట లోతు చేశాడు. మొక్క పెట్టబోతుంటే మా ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశాడు. తను మోకాలి నొప్పితోనే కింద కూర్చుని, వేళ్ళు మడతపడకుండా సర్ది, మట్టి వేసి, చుట్టూ బొటనవేళ్ళతో అదిమింది. మిరపనారు నాటేటప్పుడు అదిమినట్టే.

"అమ్మకు చెయ్యి తిరిగిన పనే," అన్నాడాయన.

"మొదలు కదలకుండా పట్టుకోండి," అంది నాతో. నేనూ కూలబడి పట్టుకున్నాను. స్టీలు బాటిల్లోంచి నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. మా ఇద్దరి చేతులూ ఆ బురదలోనే ఉన్నాయి. ఏడాదిగా రాని మాట అప్పుడొచ్చింది.

"నిరుడు కూడా నిన్ను అడగాల్సింది. తప్పు నాదే."

తను నీళ్ళు పోయడం ఆపలేదు.

"నేనొచ్చేదాకా ఆగాల్సిందండీ," అంది.

"ఆగాల్సింది."

గైడు అటు తిరిగి ఏదో చెట్టు కొమ్మను పరీక్షగా చూడసాగాడు. ఆ కొమ్మ మీద చూడటానికేమీ లేదు. ఆ మర్యాదకు ఆయనకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. తోటివాళ్ళ ముందు నన్ను దొంగను చెయ్యలేదు, ఆఫీసులో చెప్పలేదు, మాకు కావలసిన రెండు నిమిషాలు ఇచ్చాడు. పేరు అడగడం కూడా మర్చిపోయాను. బతుకుతుందా అని అడిగితే, "బతకొచ్చయ్యా, నేను చూస్తుంటాగా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో దోర్నాల నుంచి వినుకొండ దాకా మా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. సగం నన్ను తిట్టడమే. ఏడాది తిట్లు బాకీ ఉన్నాయి కదా, ఒకటొకటిగా తీసింది. నేను వింటూ కూర్చున్నాను. ఇంత హాయిగా తిట్లు తిన్నది ఎప్పుడూ లేదు.

తర్వాత వారానికి తోటలో ఉన్నాను. రెండో సాలులో ఒక మొక్క, దాని పక్కనే ఇంకోటి, రెండింటికీ ఆకు ముడుచుకుని ఉంది. చెయ్యి దానంతటదే వంగింది. మధ్యలో ఆపాను. ఆపడం ఎంత కష్టమైందో చెబితే నవ్వుతారు. ఫోను చేసి తనను రమ్మన్నాను.

చెప్పులు గట్టు మీద విడిచి, ఈ ఏడు మొదటిసారి తను మా మిరపచేలోకి దిగింది. మొదటి మొక్క ముందు వంగి, ఆకు తిరగేసి, వెలుగుకు పెట్టి చూసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"పీకెయ్యండి. ఇది పోయింది."

పీకి కండువాలో చుట్టాను. తను రెండో మొక్క దగ్గర కూర్చుంది. చిగురు విడదీసి చాలాసేపు చూసింది.

"ఇదేం చెయ్యమంటావు?" అని అడిగాను.

తను తలెత్తి నా మొహం చూసింది. కళ్ళు తుడుచుకుని, "ఉండనివ్వండి," అంది.