మేడ మీద హాలుకు పిలుపు

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది, వానలు మొదలైన రోజుల్లో హైదరాబాదులోని మా హెడ్డాఫీసు నుంచి ఫోను చేసి నాకు కొత్త బాధ్యత ఒకటి అప్పగించారు. అప్పటికి నేను కొండపల్లి దగ్గర ఒక అట్టకాగితం మిల్లులో సంక్షేమాధికారిని. రిటైరు కావడానికి ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. ఆ బాధ్యత పేరు 'ఉద్యోగుల ఒత్తిడి నివారణ కార్యక్రమం'. పేరు వినడానికి బాగానే ఉంది.

అయిదువందల మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండి తీరాలని చట్టం. క్యాంటీను, మంచినీళ్లు, విశ్రాంతి గదులు, ఆడవాళ్ల ఇబ్బందులు, కార్మికుల ఫిర్యాదులు మా పరిధిలోకి వస్తాయి. జీతం ఇచ్చేది యాజమాన్యమే అయినా, యాజమాన్యం తరఫున కార్మికుల మీద చర్యల్లో పాల్గొనకూడదు. చెప్పుకోవడానికి గౌరవమైన ఉద్యోగం. చేసేవాళ్లకు మాత్రం రెండు పక్కలా అనుమానపు చూపులే.

ఒత్తిడి ఎందుకొచ్చిందో హెడ్డాఫీసుకు తెలియక కాదు. మిల్లును వేరే కంపెనీ కొంటోందని కొందరు, కొన్నాక సగం మందిని తీసేస్తారని కొందరు, యంత్రాలు పట్టుకుపోయి మొత్తం మూసేస్తారని మరికొందరు అనుకుంటున్న రోజులవి. ఏది నిజమో చెప్పగలిగినవాళ్లు నోరు విప్పడం లేదు. అది చెప్పకుండా జనానికి ధైర్యం నూరిపోయమని నన్ను పురమాయించారు.

మొదటి తరగతి మేడ మీద హాల్లో పెట్టారు. ఆ హాలు వద్దని నేను ముందే మొత్తుకున్నాను. లాక్‌డౌన్ ఎత్తేశాక మొదటి విడత మనుషులను తీసేసింది ఆ హాల్లోనే. ఒక్కొక్కరినీ పైకి పిలిచి, కాగితం చేతికిచ్చి, మళ్లీ పనిచేసే షెడ్డులోకి అడుగు పెట్టనివ్వకుండా వెనక మెట్ల మీదుగా గేటుకు పంపేశారు. కొందరి అన్నం క్యారేజీలు లాకర్లలోనే ఉండిపోయాయి. అప్పటి నుంచి మా మిల్లులో ఒక అలవాటు మొదలైంది. ఎవరికి మేడ మీద నుంచి పిలుపొచ్చినా, ముందు లాకరు ఖాళీ చేసుకుని, క్యారేజీ, హెల్మెటు, తాళంచెవి చేత్తో పట్టుకుని మరీ పైకి వెళ్లేవారు. వాళ్లకు అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

హాల్లో చల్లగా ఉంటుంది, తెర ఉంది, కుర్చీలు మెత్తగా ఉంటాయని హెడ్డాఫీసు వాదన. సరే అన్నాను. తరగతి రోజు పిలిచినవాళ్లందరూ వచ్చారు. అందరి చేతుల్లోనూ క్యారేజీలు, హెల్మెట్లు, తాళంచెవులు. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడికి ఇదేమీ అంతుపట్టలేదు. నవ్వుతూ పలకరించి, గుండెల నిండా గాలి పీల్చమన్నాడు. తర్వాత చేతులు పైకెత్తి గట్టిగా నవ్వమన్నాడు. వాళ్లు క్యారేజీలు కింద పెట్టకుండానే చేతులెత్తి నవ్వారు. ఆ నవ్వు విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అలా నవ్వినవాళ్లలో చివర నిలబడ్డ మనిషి కోటేశ్వరరావు. బాయిలర్ అటెండెంటు. కాగితం ఆరబెట్టడానికి కావలసిన ఆవిరంతా బాయిలర్ నుంచే వస్తుంది. అందులో నీటి మట్టం ఎంతుందో గేజ్ గ్లాసు అనే గాజుగొట్టంలో కనపడుతుంది. దాని మీద కన్ను వేసి ఉంచడమే అటెండెంటు మొదటి పని. మట్టం పడిపోయినా గమనించకపోతే పోయేది ఒక్క ప్రాణం కాదు. అందుకే రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి చార్జి తీసుకునేదాకా అటెండెంటు సీటు వదలకూడదు. కోటేశ్వరరావు పాతికేళ్లుగా ఆ నియమం తప్పలేదు. ఇప్పుడు రిలీవర్ వచ్చాక కూడా వదలడం లేదని, గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి గాజుగొట్టం చూసుకుంటున్నాడని, వారం సెలవు కూడా తీసుకోవడం లేదని నా చెవిన పడింది.

మేడ మీదున్న నా గదికి పిలిస్తే క్యారేజీతో వస్తాడు. అందుకని పిలవలేదు. మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగాక మిల్లు బస్సు ఇబ్రహీంపట్నం, గొల్లపూడి, భవానీపురం మీదుగా పటమట దాకా వెళ్తుంది. మా ఇల్లు పటమటలోనే, చివరి స్టాపు. ఆ బస్సులో ఎవరి సీటు వాళ్లదే. తీసేసినవాళ్ల సీట్లలో ఎవరూ కూర్చోరు. జనం నిలబడనైనా నిలబడతారు గానీ వాటి జోలికి పోరు. కోటేశ్వరరావు పక్క సీటు అలా ఖాళీ అయిందే. అక్కడ అతనితో పాటు ఏళ్ల తరబడి కూర్చున్న ఫిట్టరును మొదటి విడతలో తీసేశారు. ఆ సీట్లో కూర్చోవచ్చా అని అడిగాను. అతను తన క్యారేజీ ఒళ్లోకి తీసుకున్నాడు.

హాల్లో నోరు మెదపని మనుషులు బస్సులో మాట్లాడతారు. ఇద్దరూ ముందుకే చూస్తుంటారు కాబట్టి మొహమాటం తక్కువ. మొదటి రోజు వానల గురించి మాట్లాడాడు. నాలుగైదు రోజులయ్యాక అసలు సంగతి బయటపడింది. రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. మిల్లు డాక్టరు మాత్రలు రాసిచ్చాడు గానీ, వాటి మత్తు పొద్దుటిదాకా ఉండి బాయిలర్ దగ్గర తూలితే ఎలాగని వేసుకోవడం లేదు. నిద్ర లేని కళ్లతో చూస్తున్నాడు కాబట్టి తన చూపు మీద తనకే నమ్మకం పోయింది. అందుకే ఆ వెనక్కి రావడాలు. కొన్నాళ్లు తేలికపాటి పనికి మార్పించమంటావా అని అడిగాను.

అప్పుడతను నా వైపు తిరిగాడు. "ఆ పని మాత్రం చెయ్యొద్దు మేడమ్. పనికిరాడని మీరే రాసిచ్చినట్టవుద్ది. ఉంచుతారో తీసేత్తారో ఒక్క మాట చెప్పించండి చాలు. తీసేత్తామన్నా సరే, ఆ రోజు పడుకుంటానండి" అన్నాడు.

మర్నాడే వర్క్స్ మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. మిల్లు మొత్తానికీ ఆయనే పెద్ద. తరగతులన్నీ ఆపేసి, ఏం జరగబోతోందో జనానికి చెప్పించమన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేయమన్నారు. నాకూ చెప్పలేదండీ, మా ఆవిడ రోజూ అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక ఆలస్యంగా ఇంటికెళ్తున్నాను అన్నారు. ఆయన మీద కోపంతో వెళ్లినదాన్ని జాలిపడి వచ్చేశాను. ఆ జాలితో ఒరిగిందేమీ లేదు. పోట్లాడి సాధించిందల్లా ఒకటే. కోటేశ్వరరావు షిఫ్టులో ఇంకో అటెండెంటును తోడు పెట్టించాను, కాగితం మీద ఎక్కించకుండా. బాయిలర్‌కు ప్రమాదం తప్పింది. అతనికి నిద్ర మాత్రం రాలేదు. హెడ్డాఫీసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. తరగతులకు హాజరు బాగుందని మెచ్చుకుంటూ జవాబు వచ్చింది.

వానలు తగ్గాక ఒక ఉదయం హెడ్డాఫీసు నుంచి ఇద్దరు దిగారు. ఈసారి ఒక్కొక్కరినీ పిలవలేదు. బాయిలర్ దగ్గర తోడు అటెండెంటును తప్ప అందరినీ ఒకేసారి మేడ మీద హాలుకు రమ్మన్నారు. యంత్రాలు వేరే మిల్లుకు తరలిస్తున్నామని, ఇక్కడ ఉత్పత్తి ఆనాటితో ఆఖరని, చట్టప్రకారం రావలసినవన్నీ ఇస్తామని చదివి వినిపించారు. మేనేజరు గారు నా పక్కనే నిలబడి విన్నారు. నా ఉద్యోగమూ అందులోనే పోయింది. ఎవరూ కేకలు వేయలేదు. వెనక వరసలో ఎవరో క్యారేజీ మూత తీసి, మళ్లీ పెట్టారు.

బాయిలర్‌ను ఉన్నపళంగా ఆపకూడదు. మంట తగ్గించి, ఆవిరి ఒత్తిడిని నెమ్మదిగా దించాలి. ఆ పని కోటేశ్వరరావు చేశాడు. అంతా అయ్యేసరికి సాయంత్రమైంది. బస్సు డ్రైవర్ బాజీ అతని కోసం బండి ఆపి ఉంచాడు. చార్జి తీసుకోవడానికి ఎవరూ రాలేదు, రావలసిన పనీ లేదు. పాతికేళ్లలో మొదటిసారి రిలీవర్ లేకుండా సీటు వదిలి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు.

ఇబ్రహీంపట్నం దాటకముందే నిద్రపోయాడు. తల కిటికీ ఊచకు కొట్టుకుంటున్నా మెలకువ రాలేదు. భవానీపురంలో అతని స్టాపు వచ్చింది. బాజీ అద్దంలోంచి నా వైపు చూశాడు. వద్దని చెయ్యి ఊపాను. బస్సు ఊళ్లోంచి పటమట చేరింది. అందరూ దిగిపోయారు. బాజీ ఇంజిను ఆపి, చప్పుడు చేయకుండా తన సీట్లోనే కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇన్ని నెలలు జీతం తీసుకుని ఏ మనిషికైతే నేను నిద్ర తెప్పించలేకపోయానో, అతన్ని తీసేస్తున్నామన్న ఒక్క కాగితం నిద్రపుచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

చీకటి పడబోతుండగా కళ్లు తెరిచాడు. చుట్టూ చూసి, పటమట దాకా వచ్చేశానని నొచ్చుకున్నాడు. లేచి క్యారేజీ సర్దుకుంటూ, "రేపు నాది ఏ షిఫ్టండీ?" అన్నాడు.

ఆ మాట అన్నాక అతనికే గుర్తొచ్చింది. మళ్లీ కూర్చుండిపోయాడు. నేను దిగాక బాజీ బండి వెనక్కి తిప్పి, అతన్ని భవానీపురంలో దింపి వెళ్లాడు.

నేను మళ్లీ ఉద్యోగం చేయలేదు. ఎప్పుడైనా పరిచయస్తులైన అధికారులు ఫోను చేసి, తమ దగ్గర జనం బెంగగా ఉన్నారని, ఒత్తిడి నివారణ తరగతులు ఎలా పెట్టాలని సలహా అడుగుతుంటారు. వాళ్ల నుంచి మీరు దాస్తున్న సంగతేదైనా ఉంటే ముందు అది చెప్పేయమంటాను. చెప్పడం కుదరదంటే తరగతులు పెట్టవద్దంటాను. ఇప్పటిదాకా అడిగినవాళ్లందరూ నా మాట శ్రద్ధగా విన్నారు. తర్వాత తరగతులే పెట్టుకున్నారు.