ఏడుగురి పేర్లు, ఒక ప్రూఫ్

అది 1969. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఊరంతా అట్టుడికిపోతున్న రోజులు. పురానాపూల్ దగ్గర గల్లీలో నాకు చిన్న లితో ప్రెస్ ఉండేది. లితో అంటే రాతి మీది అచ్చు. కాతిబ్, అంటే ఉర్దూ దస్తూరీ రాసే పనివాడు, పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాస్తే, దాన్ని రాయి మీదికి దించి కాగితాలు అచ్చు తీసేవాళ్లం. మా కాతిబ్ గౌస్ సాబ్. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. చాయ్ ఎన్ని పూటలో మాత్రం ఆయనకే తెలియదు.

పెళ్లి పత్రికలు, దర్గా ఉత్సవాల ఉరుసు పోస్టర్లు, కుస్తీ పోటీల కాగితాలు మా పని. ఒకసారి ఉరుసు పోస్టరులో ఒక పెద్దమనిషి పేరు ఇంకొకరి పేరు కిందికి వచ్చిందని మూడు రోజులు నా గుమ్మం ముందు లొల్లి జరిగింది. అప్పటి నుంచి పోస్టరులో ఎవరెవరి పేర్లుంటే వాళ్లందరికీ ప్రూఫ్, అంటే మొదటి నమూనా, చూపించి సంతకం తీసుకోందే మెషిన్ తిప్పేవాణ్ణి కాదు. చాదస్తమని తోటి ప్రెస్‌ల వాళ్లు నన్ను ఆట పట్టించేవారు.

ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. గౌస్ సాబ్ కూతురు సయీదా దర్గా పక్క వసారాలో గల్లీ ఆడపిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి పద్మ కూడా అక్కడికే పోయేది. ఉర్దూలో తన పేరు రాయడం నేర్చుకుని మా ఇంటి గోడలన్నీ ఖరాబు చేసింది. తిట్టినట్టు నటించేవాణ్ణి గానీ, లోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ గందరగోళంలోనే మా గల్లీకి ఒక కొత్త గుంపు రావడం మొదలైంది. దీన్, అంటే మతం, పేరు చెప్పేవాళ్లు గానీ వాళ్లకు కావలసింది పెత్తనం. ఊరేగింపుల్లో హిందువులతో కలిసి నడవొద్దని, దర్గాకు పోవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పేవారు. ఒకరోజు వాళ్ల నాయకుడు ప్రెస్‌కు ఒక కాగితం తెచ్చాడు. దర్గా దగ్గరి బడి మూసేయాలి, ఆడపిల్లలను పంపిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, ఇది మొహల్లా పెద్దల తీర్మానం అని అందులో ఉంది. కింద ఏడుగురి పేర్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. గౌస్ సాబ్ మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, రాసిస్తానని ఒప్పుకుని ఆ నాయకుణ్ణి పంపించాడు.

"నీ బిడ్డ బడి మూసెయ్యమని నువ్వే రాస్తవా, గౌస్ భాయ్? దిమాక్ ఉన్నదా?" అని విరుచుకుపడ్డాను.

"గరమెందుకు అయితున్నవ్ సత్తన్నా? నేను రాయనంటే ఇంకో ప్రెస్‌కు పోతడు. ఆడ ఏడుగురికి ప్రూఫ్ ఎవరు సూపిస్తరు?" అన్నాడాయన.

ఆ రాత్రి ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. మరునాడు మధ్యాహ్నం దాన్ని రెండు గంటలు సడలించారు. జనం బియ్యానికీ పాలకీ పరుగులు పెడుతుంటే, మేమిద్దరం ప్రూఫ్ పట్టుకుని బయలుదేరాం.

మొదట చాయ్ హోటల్ కరీం భాయ్. కాగితం చదివి ఆయన ముఖం మాడిపోయింది. "నన్ను ఎవ్వరు అడగలే. కానీ మిగిలినోళ్లు ఒప్పుకున్నరంట గదా? నేనొక్కణ్ణి కాదంటే బాగుంటదా?" అన్నాడు. సంతకం పెట్టలేదు, కాదనీ అనలేదు. ఇక సయీదా బడి అయిపోయినట్టే అనుకున్నాను. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది.

రెండో పేరు కుస్తీ నేర్పే పహిల్వాన్ ఉస్తాద్‌ది. "కరీం భాయ్ హౌ అన్నడని చెప్పిండ్రు" అన్నాడాయన.

"అన్లే ఉస్తాద్. నువ్వు ఒప్పుకున్నవని ఆయన ఊకున్నడు" అన్నాను.

ఉస్తాద్ కాగితం అందుకున్నాడు. "నా మన్మరాలు ఆడనే చదువుతది. నన్ను అడగకుంట నా పేరు పెడ్తడా? నమాజు మా నాయిన నేర్పిండు నాకు, వీడు కాదు!" అంటూ గౌస్ సాబ్ జేబులోని కలం లాక్కుని తన పేరు కొట్టేసి, పక్కన సంతకం చేశాడు. అంతటితో ఊరుకోలేదు. తుండుగుడ్డ భుజాన వేసుకుని మాతో నడిచాడు.

మళ్లీ చాయ్ హోటల్‌కు పోయాం. ఉస్తాద్‌ను చూశాక కరీం భాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. పేరు కొట్టేసి మాకు చాయ్ పోశాడు. మూడో ఇంటి దగ్గరా, నాలుగో ఇంటి దగ్గరా అదే మాట, మిగిలినవాళ్లు ఒప్పుకున్నారనుకున్నామని. కర్ఫ్యూ మళ్లీ మొదలయ్యేలోగా ఏడు పేర్లూ కొట్టివేతలే.

ఆ తర్వాతి సడలింపులో నాయకుడు వచ్చాడు. అప్పటికే గౌస్ సాబ్ రాయి మీద పేర్లన్నీ గీకేసి కొత్త ప్రూఫ్ తీసిపెట్టాడు. దాన్ని రెండు చేతులతో అందించాడు.

"పోస్టర్ తయారున్నది, జనాబ్. వాళ్ల పేర్లు వద్దన్నరు, తీసేసినం. మీ పేరు రాయమంటరా? ఒక్కటి చాలు."

"నా పేరెందుకు?" అన్నాడాయన.

"కాయిదా ప్రకారం అచ్చేసినోడి పేరు కింద ఉండాలె. సత్తన్న పేరు ఉన్నది సూడండి. మరి చెప్పినోడి పేరు ఉండొద్దా?"

నాయకుడు గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఉస్తాద్ తాపీగా సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నాయకుడు వెళ్లిపోయాడు. ఆ గుంపు ఇంకొన్నాళ్లు తిరిగింది గానీ వినేవాళ్లు తగ్గిపోయారు.

వారం తిరగకుండా ఏడుగురూ కలిసి వచ్చి వేరే పోస్టరు రాయించారు. బడి నడుస్తుంది, రోజుకొకరం గుమ్మంలో కూర్చుంటాం, పిల్లల్ని పంపండి అని. దానికీ ప్రూఫ్ తిప్పాం. గల్లీలో సగం మందికి పురుడు పోసిన ముసలి బీబీమా దారిలో మమ్మల్ని ఆపి చదివించుకుంది.

"ఈ ఏడుగురిల నలుగుర్ని బయటికి తీసింది నేనే. నా పేరేది?" అని నిలదీసింది.

ప్రెస్ నడిపిన అన్నేళ్లలో ఎన్నో కాగితాలు అచ్చేశాను. "అందరి నిర్ణయం" అన్న మాట కనబడితే మాత్రం నా చెయ్యి మెషిన్ మీద ఆగేది. ఆ అందరినీ ఒక్కొక్కరిగా గుమ్మం ఎక్కి అడిగి రావాలని నేర్పింది ఆ రెండు గంటలే.

బీబీమా పేరును గౌస్ సాబ్ అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో రాశాడు. కిందికి జరిగిన ఏడుగురిలో ఒక్కరూ లొల్లి చేయలేదు.